ఒక్కరే కరీబియన్ వెళ్తుంటే: బార్బడోసా, ప్యూర్టో రికోనా, కురసావా?

మీరు అమెరికాలో ఉంటూ, పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే ప్యూర్టో రికో వెళ్లండి. స్టాంపింగ్ బాగానే ఉండి, కారు అద్దెకు తీసుకోకుండా బస్సెక్కి దిగుతూ తిరగాలనుంటే బార్బడోస్. సెలవు దొరికేది సెప్టెంబరు, అక్టోబరుల్లో మాత్రమే అయితే కురసావ్. ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఇంతే. కారణాలు కూడా రాస్తున్నాను, ఎందుకంటే మీ పరిస్థితి నాలా ఉండకపోవచ్చు, కారణం తెలిస్తే మీకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాను. ఈ మూడు దీవులకీ వేర్వేరు ఏళ్లలో ఒక్కదాన్నే వెళ్లాను. మాంసం, చేపలు తినను. ఈత కొద్దిగా వచ్చు. చీకటి పడ్డాక కొత్త ఊళ్లో కారు నడపడం ఇష్టం ఉండదు. చేపలు తినేవాళ్లకి, బాగా ఈదగలిగేవాళ్లకి ఈ వరస కొంచెం మారుతుంది.

ముందు ఎప్పుడు వెళ్లాలో చూద్దాం. కరీబియన్‌లో రేట్లు మండిపోయేది డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా, ఉత్తరాదిన చలి భరించలేనివాళ్లంతా అప్పుడే వస్తారు కాబట్టి. చాలా హోటళ్ల రేట్ల పట్టికలో డిసెంబరు 15, ఏప్రిల్ 15 అని తేదీలే వేసి ఉంటాయి, ఆ తేదీ దాటగానే అదే గది ధర దిగుతుంది. పూర్తి అన్‌సీజన్ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, అంటే తుపాన్ల కాలం నడిమధ్య. ఈ రెంటికీ మధ్య రెండు సందులు ఉన్నాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెలాఖరు దాకా ఒకటి, నవంబరు నుంచి డిసెంబరు రెండో వారం దాకా ఇంకొకటి. షోల్డర్ సీజన్ అంటే ఇవే.

రెండూ ఒకటే అనుకోకండి. మేలో తుపాను భయం దాదాపు ఉండదు కానీ సర్గాసం అనే గోధుమరంగు నాచు అట్లాంటిక్ వైపు తీరాలకి గుట్టలు గుట్టలుగా కొట్టుకొస్తుంది. 2011 నుంచి ఈ బెడద మొదలైంది, కొన్నేళ్లు తక్కువ, కొన్నేళ్లు మరీ ఎక్కువ. ఎండకి కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంది, ఆ పక్కన పది నిమిషాలు కూర్చోలేం. బార్బడోస్‌లో తూర్పు, దక్షిణ తీరాలకి ఇది ఎక్కువ, పడమటి తీరానికి తక్కువ. నవంబరుకి నాచు బాగా తగ్గిపోతుంది, కానీ అట్లాంటిక్ తుపాన్ల సీజన్ జూన్ 1న మొదలై అధికారికంగా నవంబరు 30 దాకా ఉంటుంది. నవంబరు తుపాన్లు అరుదే, అయినా 1999 నవంబరులో లెన్నీ అనే హరికేన్ మామూలుగా వచ్చే దిక్కున కాకుండా పడమర నుంచి తూర్పుకి వచ్చి, ఎప్పుడూ ప్రశాంతంగా ఉండే పడమటి తీరాలనే చితక్కొట్టింది. అందుకే నేను డిసెంబరు మొదటి రెండు వారాలకే ఓటేస్తాను. నవంబరు చివర్లో వచ్చే అమెరికా పండగ థాంక్స్‌గివింగ్ జనం వెళ్లిపోయి ఉంటారు, క్రిస్మస్ రేట్లు ఇంకా రావు, తుపాన్ల సీజన్ ముగిసి ఉంటుంది. థాంక్స్‌గివింగ్ వారం జోలికి మాత్రం వెళ్లకండి, మే చివర్లో అమెరికాకి సెలవైన మెమోరియల్ డే వారాంతం కూడా అంతే, ముఖ్యంగా ప్యూర్టో రికోకి.

తుపాను సీజన్లో చిక్కుకుంటే ఎలా ఉంటుందో మనందరికీ తెలిసిన ఉదాహరణే ఉంది. 2024 జూన్ 29న బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్‌లో ఇండియా టీ20 ప్రపంచకప్ గెలిచింది కదా, మన హైదరాబాద్ సిరాజ్ సహా జట్టంతా ఆ తర్వాత బెరిల్ తుపాను వల్ల విమానాశ్రయం మూసేస్తే అక్కడే ఆగిపోయింది. ప్రత్యేక విమానం వచ్చి తీసుకెళ్తే జులై 4న ఢిల్లీ చేరారు. నిజానికి బెరిల్ బార్బడోస్‌ని నేరుగా తాకనే లేదు, దక్షిణంగా పోయి గ్రెనడాకి చెందిన కరియాకూ దీవిని నేలమట్టం చేసింది. పక్కనుంచి పోయిన తుపానుకే విమానాలు ఆగిపోతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే ఆ రోజులు ఎలాగో గడిచిపోతాయి, ఒక్కరే ఉంటే హోటల్ పొడిగించడం, మందులు, చేతిలో డబ్బు, ఫోన్ చార్జింగ్, ఇంట్లోవాళ్ల టెన్షన్, అన్నీ మీరే చూసుకోవాలి.

ఇక దీవి ఎంపిక. ఫొటోలు చూసి ఎంచుకోకండి, ఫొటోల్లో అన్ని దీవులూ బాగుంటాయి. నేను చూసేది ఒకటే: రాత్రి ఎనిమిదింటికి భోంచేసి ఒక్కదాన్నే గదికి ఎలా చేరతాను? ఈ ప్రశ్నకి జవాబు సులువుగా దొరికిన చోట మిగతావన్నీ సర్దుకుంటాయి. మొదటిసారి ఇది ఆలోచించకుండా వేరే ఒక దీవిలో, తిండి అంతా కలిపి ఒకే ధర అనే రిసార్టు తీసుకున్నాను. గదికి ఇద్దరు చొప్పున వాళ్లు లెక్క వేస్తారు కాబట్టి ఒక్కరికి రేటు అడిగితే ఇద్దరి రేటుకి దగ్గరగా చెప్పారు, కట్టాను. గేటు దాటితే హైవే, నడవడానికి పక్కన దారి కూడా లేదు. నాలుగు రోజులు ఆ బఫే తప్ప ఊరు చూడలేదు, ఊరి మనిషితో రెండు మాటలు మాట్లాడలేదు. ఒక్కరే వెళ్లేవాళ్లకి అలాంటి రిసార్టు నేను చెప్పను. బస్సు స్టాపుకి నడిచి వెళ్లగలిగే దూరంలో, చిన్న వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ గది చూసుకోండి.

బార్బడోస్ నాకు అందుకే నచ్చింది. దీవి మొత్తం పొడవు 34 కిలోమీటర్లే, బస్సులు అన్ని మూలలకీ వెళ్తాయి. నీలం రంగువి ప్రభుత్వ బస్సులు, పసుపు రంగువి ప్రైవేటు మినీబస్సులు, తెల్లగా ఉండి ఎర్రటి చార ఉన్నవి జెడ్ఆర్ వ్యాన్లు. ఎంత దూరం వెళ్లినా టికెట్ మూడున్నర బార్బడోస్ డాలర్లు. రెండు బార్బడోస్ డాలర్లకి ఒక అమెరికా డాలరు అని 1975 నుంచి స్థిరంగా ఉంది కాబట్టి లెక్క తేలిక, అన్ని ధరల్నీ సగం చేసుకుంటే చాలు. ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగి ఇవ్వరు, సరిపోయేంత పట్టుకెళ్లండి. స్టాపు బోర్డు మీదే సిటీ (అంటే బ్రిడ్జ్‌టౌన్) వైపా, సిటీ నుంచి బయటికా అన్నది రాసి ఉంటుంది, తప్పు బస్సెక్కే అవకాశం తక్కువ. జెడ్ఆర్ వ్యాన్‌లో పాటలు గట్టిగా ఉంటాయి, మనుషుల్ని ఒదిగి ఒదిగి కూర్చోబెడతారు, మన ఊళ్లలో షేర్ ఆటోలు ఎక్కినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఎక్కగానే గుడ్ మార్నింగ్ చెప్పడం అక్కడి మర్యాద. మీరు చెబితే బస్సంతా తిరిగి చెబుతుంది, దిగాల్సిన స్టాపు మర్చిపోయినా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. నాకు రెండుసార్లు అలాగే చెప్పారు.

ఉండడానికి దక్షిణ తీరంలో హేస్టింగ్స్, వర్తింగ్ ప్రాంతాలు చూడండి. బ్రిడ్జ్‌టౌన్‌కీ ఓయిస్టిన్స్‌కీ వెళ్లే బస్సులు ఇంటి ముందు నుంచే పోతాయి, పైగా హేస్టింగ్స్ నుంచి సముద్రం ఒడ్డునే నడిచే బోర్డ్‌వాక్ ఉంది, పొద్దున్నే, సాయంత్రం ఊరివాళ్లు వాకింగ్‌కి వస్తారు, ఒంటరిగా నడుస్తున్నామన్న ఆలోచనే రాదు. శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్‌లో చేపల సంత లాంటిది జరుగుతుంది, నిప్పుల మీద కాల్చిన చేప తినడానికి ఊరంతా వస్తుంది. పొడవాటి బల్లల మీద అందరూ పక్కపక్కనే కూర్చుంటారు కాబట్టి ఒక్కరికే టేబుల్ అడిగే ఇబ్బంది లేదు. చేపలు తినేవాళ్లకి ఈ ఒక్క రాత్రి కోసమైనా బార్బడోస్ మొదటి స్థానంలో ఉంటుంది. నాలాంటివాళ్లకి అక్కడ మాకరోనీ పై, వేయించిన అరటి, అన్నంలో ఉడికిన బఠానీలాంటి గింజలు దొరుకుతాయి, రోటీ దుకాణాల్లో బంగాళదుంప, శనగల కూరతో చుట్టిన రోటీ కూడా ఉంటుంది. అన్నంలో మాంసం ముక్క వేశారా అని అడగండి, కొన్నిచోట్ల వేస్తారు.

ఈత తక్కువ వచ్చినవాళ్లు కార్లైల్ బే దగ్గరే దిగండి, నీళ్లు నిలకడగా ఉంటాయి, ఒడ్డుకి దగ్గర్లోనే తాబేళ్లు తిరుగుతాయి. తూర్పున బాత్‌షీబా చాలా అందమైన చోటు, పెద్ద పెద్ద రాళ్లు, అట్లాంటిక్ అలలు, అయితే కూర్చుని చూడండి, నీళ్లలోకి మాత్రం వద్దు. ఒక్కరే ఉన్నప్పుడు లాగేసుకునే అలల్లో దిగకూడదన్న విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను, అరిచినా వినేవాళ్లు ఉండరు. ఇంకో సంగతి, బార్బడోస్‌లో సైనికుల దుస్తుల డిజైన్ ఉన్న బట్టలు వేసుకోవడం చట్టరీత్యా నేరం, టోపీ, బ్యాగు కూడా అలాంటివి ఇంట్లోనే వదిలేయండి.

లోటు ఏమిటంటే ఖర్చు. చాలా సరుకులు ఓడల్లో రావాలి, సూపర్‌మార్కెట్‌లో పెరుగు డబ్బా ధర చూసి ఆగిపోయాను. వంటగది ఉన్న గది అని అందుకే చెప్పాను. టాక్సీలకి మీటరు ఉండదు, ఎక్కేముందే ఎంతో మాట్లాడుకోవాలి. బీచ్‌లో జెట్‌స్కీ అంటూ, కలబంద అంటూ పలకరించేవాళ్లు ఎక్కువే, ఒకసారి వద్దని నవ్వుతూ గట్టిగా చెబితే వెళ్లిపోతారు.

ప్యూర్టో రికో సంగతికొస్తే, మనవాళ్లలో చాలామందికి అది కోరి ఎంచుకున్నది కాదు, వీసా గొడవ వల్ల మిగిలినది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ప్యూర్టో రికో అమెరికా భూభాగమే కాబట్టి న్యూజెర్సీలోని నూఆర్క్ నుంచి అక్కడి రాజధాని శాన్ హువాన్‌కి దాదాపు నాలుగు గంటల దేశీయ విమానం, ఇమిగ్రేషన్ లైను ఉండదు. తిరిగొచ్చేటప్పుడు పండ్లు, మొక్కలు తెస్తున్నారేమో అని వ్యవసాయ శాఖ స్కానింగ్ ఒకటి ఉంటుంది, అంతే. హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉండి స్టాంపింగ్ గడువు తీరినవాళ్లు మిగతా కరీబియన్ దీవులకి వెళ్తే తిరిగి రావడానికి కొత్త స్టాంపింగ్ కావాలి. 30 రోజుల్లోపు వెళ్లొస్తే పాత స్టాంపుతోనే రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ హెచ్1బీ వాళ్లకి కెనడా, మెక్సికోల వరకే. ఎఫ్1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి అది క్యూబా తప్ప పక్క దీవులకి కూడా వర్తిస్తుంది, అంటే స్టాంపు గడువు తీరిన విద్యార్థి కాలేజీ సంతకం ఉన్న ఐ20 కాగితం, అమెరికాలో ఉండే అనుమతి చూపే చెల్లే ఐ94తో బార్బడోస్ వెళ్లి రావచ్చు. బార్బడోస్‌కి ఇండియన్ పాస్‌పోర్టు మీద వీసా అక్కర్లేదు కాబట్టి వెళ్లేటప్పుడూ ఇబ్బంది లేదు. కురసావ్‌కి మాత్రం ఇది కుదరదు, అక్కడ మనకి వీసా మినహాయింపు వచ్చేదే చెల్లుబాటయ్యే అమెరికా వీసా, గ్రీన్‌కార్డు లాంటివి ఉంటే. విమానం కౌంటర్లో ఉన్నవాళ్లకి రీవాలిడేషన్ సంగతి తెలియకపోవచ్చు, ఆ నిబంధన కాగితం ప్రింటు తీసుకెళ్లండి, టికెట్ కొనేముందు కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగండి. ప్యూర్టో రికోకైనా సరే పాస్‌పోర్టు, హెచ్1బీ ఆమోదం చూపే ఐ797 కాగితం వెంట ఉంచుకోండి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఇంకోటి గమనించాలి, బార్బడోస్‌కి వీసా అక్కర్లేకపోయినా అమెరికాలో విమానం మారాలంటే అమెరికా వీసా కావాల్సిందే.

వీసా వల్ల వెళ్లినా ప్యూర్టో రికో మీద ప్రేమ పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. పాత శాన్ హువాన్ అంతా కాలినడకనే తిరగొచ్చు, నీలంగా మెరిసే రాతి పలకల వీధులు, రంగురంగుల ఇళ్లు, చివర సముద్రం మీదికి పొడుచుకొచ్చిన ఎల్ మోరో కోట. కోట ముందు పచ్చిక మైదానంలో సాయంత్రం పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు, నేను అక్కడ మూడు సాయంత్రాలు ఊరికే కూర్చున్నాను. ఉబర్ దొరుకుతుంది, అమెరికా ఫోన్ పనిచేస్తుంది, డాలర్లే, రాత్రి గదికి చేరడం ఎలా అన్న ప్రశ్నకి శాన్ హువాన్‌లో జవాబు ఉంది. నగరం దాటితేనే చిక్కు. ఎల్ యుంకే వర్షారణ్యానికి బస్సు లేదు, కారు తీసుకోవాలి, లేదంటే శాన్ హువాన్ నుంచి వ్యాన్‌లో తీసుకెళ్లే గ్రూపు టూర్లో ఒక సీటు కొనుక్కోవాలి. ఒక్కరికి నేను టూరే మంచిదంటాను, రోజంతా మాట్లాడే మనుషులు కూడా దొరుకుతారు.

రాత్రిపూట నీళ్లు వెలిగే చోటు చూడాలంటే వియెకెస్ దీవిలోని మస్కీటో బే, ఫహార్డో దగ్గరి సరస్సు ముఖ్యమైనవి. నీళ్లలోని కంటికి కనబడని జీవులు కదలిక తగలగానే మెరుస్తాయి, తెడ్డు వేసినప్పుడల్లా నీలపు నిప్పు రాజుకున్నట్టు ఉంటుంది. వెన్నెల ఉంటే ఏమీ కనబడదు, కాబట్టి టికెట్ కొనేముందే క్యాలెండర్లో అమావాస్య ఎప్పుడో చూడండి, ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటే సరిపోతుంది. కయాక్‌లు చాలావరకు ఇద్దరు కూర్చునేవే, ఒక్కరే వస్తున్నామని ముందే చెబితే గైడ్‌తోనో ఇంకో ఒంటరి ప్రయాణికుడితోనో జత చేస్తారు. ఫహార్డో నుంచి అదే రాత్రి తిరిగి రావచ్చు, వియెకెస్ అయితే ఒక రాత్రి ఉండాలి. సేబా రేవు నుంచి వెళ్లే ఫెర్రీ చాలా చవక, కానీ సీట్లు త్వరగా అయిపోతాయి.

తిండిలో మాంసం వాసన తగలని వంటకం వెతకడం కష్టమే. అరటికాయ దంచి చేసే మొఫోంగోలో కూడా తరచుగా పంది చర్మం వేస్తారు. అక్కడి వాళ్ల పండగ వంట అరోస్ కోన్ గందూలెస్. గందూలెస్ అంటే మన కందులే, పేరు కూడా ఎంత దగ్గరగా ఉందో చూడండి, పచ్చి కందులతో అన్నం వండుతారన్నమాట. అందులోనూ హామ్ (పంది మాంసం) ముక్కలు వేస్తుంటారు, అడిగి తీసుకోండి. ఒక చిన్న హోటల్లో పెద్దావిడ నాకోసం హామ్ లేకుండా వేరే గిన్నెలో చేసి పెట్టింది, స్పానిష్ రాని నేను చేతులు జోడించి దండం పెట్టాను, ఆవిడకి అర్థమైంది.

రెండు హెచ్చరికలు. శీతాకాలంలో ఉత్తర తీరానికి పెద్ద అలలు వస్తాయి, హోటళ్లన్నీ వరసగా ఉండే కొండాడో బీచ్ దగ్గర కూడా సముద్రం లోపలికి లాగుతుంది. ఇంకోటి కరెంటు. 2017లో మరియా తుపాను తర్వాత నుంచి అక్కడి విద్యుత్ వ్యవస్థ పూర్తిగా కుదుటపడలేదు, 2024 డిసెంబరు 31న, 2025 ఏప్రిల్ 16న దీవి దాదాపు అంతా చీకట్లో మునిగింది, రెండూ తుపాను లేని రోజులే. గది బుక్ చేసేముందు జనరేటర్ ఉందా, నీళ్ల ట్యాంకు ఉందా అని అడగండి. పది డాలర్లు ఎక్కువైనా ఉన్న చోటే తీసుకోండి.

కురసావ్‌కి ఉన్న పెద్ద బలం అది ఉన్న చోటు. 12 డిగ్రీల అక్షాంశం మీద, తుపాన్లు మామూలుగా పోయే దారికి దక్షిణంగా ఉంటుంది. తుపాను రానే రాదని కాదు, చాలా అరుదు. సెప్టెంబరులో నిశ్చింతగా టికెట్ కొనగలిగే దీవుల్లో అరూబా, బోనైర్‌లతో పాటు ఇదొకటి. నవంబరులో అక్కడ వానలే, కానీ జల్లు పడి ఆగిపోతుంది, ఎందుకంటే అసలే మెట్ట నేల, తాటిచెట్లు ఊహించుకుని వెళితే ఎటు చూసినా బొమ్మజెముడు లాంటి ముళ్ల మొక్కలు కనబడతాయి. అనంతపురం వైపు వాళ్లకి ఊరు గుర్తొస్తుంది.

కురసావ్ రాజధాని విల్లెమ్‌స్టాడ్ ఒక్కరే తిరగడానికి చాలా బాగుంటుంది. నీళ్ల మీద తేలే క్వీన్ ఎమ్మా వంతెన 1888 నుంచి ఉంది, ఓడ వచ్చినప్పుడు వంతెనే పక్కకి తిరిగి దారి ఇస్తుంది, అప్పుడు అవతలికి ఉచితంగా ఫెర్రీ వేస్తారు. కానీ మంచి బీచ్‌లన్నీ 40 కిలోమీటర్ల అవతల పడమటి కొసన ఉన్నాయి, అటు బస్సులు చాలా తక్కువ. గ్రోటె క్నిప్ లాంటి చోటికి కారు లేకుండా వెళ్లి, తిరుగు బస్సు కోసం ఎండలో నిలబడ్డాక నాకు ఆ సంగతి అర్థమైంది. కాబట్టి పగటిపూటైనా కారు నడిపేవాళ్లకి, ఒడ్డు నుంచే స్కూబా డైవింగ్‌కి దిగాలనుకునేవాళ్లకి కురసావ్ బార్బడోస్ కంటే మెరుగు. నడపనివాళ్లకి మూడో స్థానమే. దక్షిణ అమెరికాలోని సురినామ్ దేశం నుంచి వచ్చిన భారత సంతతివాళ్ల రోటీ అక్కడ దొరుకుతుంది, శాకాహారం కోసం అదే వెతకండి. వెనెజువెలా తీరానికి 65 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి వెళ్లే వారం ముందు నుంచి వార్తలు, విమానాల సమాచారం చూస్తూ ఉండండి.

ట్రినిడాడ్ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. తిండి ప్రకారం చూస్తే అదే మొదటిది, రోడ్డు పక్కన వేడి వేడి శనగల కూర పెట్టి ఇచ్చే డబుల్స్ కోసం ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు. 1845 మే 30న మొదటి భారతీయ కూలీల ఓడ అక్కడ చేరింది, ఆ రోజు ఇప్పటికీ జాతీయ సెలవు, సరిగ్గా మే షోల్డర్ సీజన్లోనే వస్తుంది. తర్వాతి ఏళ్లలో మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, అందుకని నాకు వెళ్లాలనే ఉంది. కానీ నేరాల వల్ల 2024 డిసెంబరులోనూ 2025 జులైలోనూ అత్యవసర పరిస్థితి ప్రకటించిన దేశం. అక్కడ తెలిసిన కుటుంబం ఉంటే తప్ప మొదటి ఒంటరి ప్రయాణానికి నేను సిఫారసు చేయను. జమైకా కూడా 2025 అక్టోబరు 28న మెలిస్సా తుపాను దెబ్బ తిన్నది, పడమటి వైపు వెళ్లాలనుకునేవాళ్లు ముందు హోటల్‌తో మాట్లాడుకోండి.

ఏ దీవి ఎంచుకున్నా టికెట్ కొన్న రోజే ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా కొనండి. తుపానుకి పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపానుకి పనికిరాదు, చాలామందికి ఇది తెలియదు, వార్తల్లో పేరు విన్నాకే పరుగెత్తుతారు. గది మాత్రం రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి, షోల్డర్ సీజన్లో గదులు ఖాళీగానే ఉంటాయి కాబట్టి మొదటి రెండు రాత్రులకే బుక్ చేసి, ఊరు చూశాక మిగతాది నిర్ణయించుకున్నా సరిపోతుంది.